చేవ

పుదుచ్చేరి పట్టణంలోని నటేశన్ నగర్‌లో ఒక పాత ఇంటి వెనుక, జామచెట్టుకూ ప్రహరీగోడకూ నడుమ, ఒక చిన్న కొయ్య ఇల్లు ఉన్నది. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, ముందు చిన్న వసారా, పైన మంగళూరు పెంకులు. నలుగురు కూర్చుంటే నిండిపోతుంది. 2025లో సంక్రాంతి వెళ్ళిన మూడవనాటి ఉదయం, ఇంటి యజమాని చేతిలో ఒక పాత చాకు పట్టుకొని దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆయనకు డెబ్బై రెండేళ్ళు. రసాయనశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్న ఉపాధ్యాయుడు.

నేలకు దగ్గరగా ఉన్న పలకమీద పచ్చని ఎనామిల్ రంగు నిగనిగలాడుతున్నది. ఆయన చాకు మొనను అందులో గుచ్చారు. మొన ఆగలేదు. పిడివరకూ మెత్తగా దిగిపోయింది.

ఆ కొయ్యకు ఒక చరిత్ర ఉన్నది. ఆయన పుట్టింది యానాంలో. గోదావరి ఒడ్డున ఉన్న ఆ తెలుగు ఊరు, ఫ్రెంచివారి పాలన నాటినుంచీ పుదుచ్చేరితో ముడివడి, నేటికీ అదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగంగా ఉన్నది. అక్కడి పెద్దల ఇల్లు అన్నదమ్ములు పంచుకొని పడగొట్టినప్పుడు, ఆయన భార్య అడిగిన వాటా ఒక్కటే. “ఇటుకలూ స్థలమూ మీరుంచుకోండి బావగారూ, ఆ టేకు దూలాలూ తలుపులూ మాకివ్వండి” అన్నదట. అవి లారీలో పుదుచ్చేరి వచ్చి, వెనుక తోటలో ఈ చిన్న ఇల్లయ్యాయి. ముప్ఫై ఏళ్ళపాటు ఆమె అందులో కూర్చొని బియ్యం ఏరుకున్నది, పత్రికలు చదువుకున్నది, కూతురికి లెక్కలు చెప్పింది. ఏటా సంక్రాంతి వెళ్ళగానే దగ్గరుండి రంగు వేయించేది.

ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఆ నాలుగేళ్ళలో రంగు పడింది ఒక్కసారే. పిలిచిన పనివాడు పాత పెచ్చులు గీకకుండా, తడి ఆరనివ్వకుండా, ఒక్కరోజులో దళసరిగా ఎనామిల్ పూసి డబ్బు తీసుకొని వెళ్ళాడు. పెద్దాయన వరండాలోనుంచే చూసి, బాగానే ఉన్నదనుకున్నారు.

తర్వాత ఫెంగల్ తుపాను వచ్చింది. 2024 నవంబరు 30వ తేదీ రాత్రి అది పుదుచ్చేరి సమీపాన తీరం దాటింది. ఇరవైనాలుగు గంటల్లో పట్టణంలో 45 సెంటీమీటర్లకు మించి వాన కురిసింది. తోటలో మోకాలిలోతు నీరు రెండురోజులు నిలిచింది. నీరు తీసిన తర్వాత కూడా పైకి రంగు చెక్కుచెదరలేదు. లోపల జరిగినదేమిటో చాకు చెప్పేవరకూ తెలియలేదు.

హైదరాబాదునుంచి కూతురు ఫోను చేసింది. “నాన్నా, ఈ వయసులో ఆ చెదల కొంపతో మీకు అవస్థ దేనికి? తీయించేయండి. వేసవి సెలవులకు బాబు వస్తే అందులోనే ఆడతానంటాడు, పైకప్పు మీద పడితే ఏం గతి? ప్లాస్టిక్ షెడ్డు ఒకటి నేను పెట్టిస్తాను.”

“చూద్దామమ్మా” అన్నారాయన. ఆమె మాటలో తప్పులేదు. అందుకే ఆయనకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరునాడు ఒక వృద్ధ వడ్రంగి వచ్చాడు. అతడు రంగు వంక చూడనే లేదు. సుత్తి పిడితో ఒక్కొక్క పలకనూ తట్టి, చెవి ఆనించి విన్నాడు. గట్టి కొయ్య ఖంగుమంటుంది, పుచ్చినది దప్పుమంటుంది. గంటసేపు తట్టిన తర్వాత, “కింది పలకలు రెండూ పోయాయి ఐయా. ఒక స్తంభానికి కాలు పోయింది. మిగిలినదంతా వైరం” అన్నాడు తమిళంలో.

చెట్టు నడిమి గట్టి భాగాన్ని తమిళులు వైరం అంటారు. వజ్రానికీ అదే మాట. తెలుగులో అది చేవ. చెట్టు పెరిగేకొద్దీ లోపలి కణాలు నీటిని మోయడం మాని, చెదలకూ బూజుకూ గిట్టని పదార్థాలను తమలో నింపుకొంటాయి. అదే చేవ. దాని చుట్టూ ఉండే లేత చెక్కలో పిండిపదార్థాలుంటాయి కనుక పురుగుకు అది విందు. టేకుకు ఉన్న పేరంతా దాని చేవది. టేకు లేతచెక్క తక్కిన కలప లేతచెక్కలాగే పుచ్చిపోతుంది. యానాం దూలాలు చేవ. పోయిన పలకలు మాత్రం కట్టేటప్పుడు చాలక, చవకగా దొరికాయని కొనితెచ్చిన లేతచెక్క.

మరి రంగు ఎందుకు కాపాడలేదు? దీనికి జవాబు తెలియక చాలామంది ఏటా డబ్బు పోసుకొంటారు. కొయ్య కోసిన తర్వాత కూడా కదులుతూనే ఉంటుంది. గాలిలో తేమ పెరిగితే అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకొంటుంది. దళసరి ఎనామిల్ పొర దానితోపాటు సాగలేక, అతుకుల దగ్గర సన్నగా బీటలు వారుతుంది. ఆ బీటలగుండా వాననీరు లోపలికి పోతుంది. పోయిన నీరు అదే రంగుపొర అడ్డుపడి బయటికి ఆరలేదు. కొయ్యలో తేమ నూటికి ఇరవై పాళ్ళు దాటనంతకాలం కుళ్ళు పుట్టించే బూజు పెరగలేదు. అంతకు మించి తడి నిలిచిందా, నిగనిగలాడే పచ్చరంగు వెనుకనే అది విస్తరిస్తుంది. అందుచేత తడి లోపలికి పోకుండా చూడటం ఎంత ముఖ్యమో, పోయిన తడి తిరిగి బయటికి వచ్చే దారి ఉంచడమూ అంతే ముఖ్యం.

పుదుచ్చేరివారికి ఈ సంగతి కొత్త కాదు. అక్కడి పాత మిద్దెలు అనేకం కొయ్య దూలాల మీద ఇటుకలూ సున్నమూ పరచి కట్టినవి. సముద్రపు ఉప్పుగాలీ, ఈశాన్య ఋతుపవనాల వానా ఏటా వాటిని పరీక్షిస్తాయి. కడలి ఒడ్డున పందొమ్మిదవ శతాబ్దంలో కట్టిన పురపాలక భవనం ‘మేరీ’, 2014 నవంబరు 29న కుండపోత వానల నడుమ కూలిపోయింది. దానిని అదే రూపంలో తిరిగి నిర్మించి 2021లో ప్రారంభించారు. ఒక నగరం పూనుకుంటే భవనం తిరిగి లేస్తుంది. ఒక తోటలోని కొయ్య ఇంటికి పూనుకొనేవారు ఎవరు?

పొరుగాయన ఒక సలహా చెప్పారు: “రంగులెందుకు మాస్టారూ! ఆర్సెనిక్ కలిపిన మందు ఉన్నదటగా, దానిలో ముంచిన కలప వాడండి. చెదపురుగు ఆ దరిదాపులకు రాదు.”

ఆ మందు కథ పెద్దాయనకు ఆయనకన్నా బాగా తెలుసు. తరగతిలో ఎన్నోసార్లు గర్వంగా చెప్పిన కథ అది. దానిని కనిపెట్టినవాడు సొంటి కామేశం. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన ఆ తెలుగు శాస్త్రవేత్త 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాల మిశ్రమాన్ని రూపొందించాడు. రాగి బూజును చంపుతుంది. ఆర్సెనిక్ పురుగులను చంపుతుంది. క్రోమియం ఆ రెండింటినీ కొయ్యలో కదలకుండా పట్టి ఉంచుతుంది, వానకు కరిగిపోనివ్వదు. అంతవరకూ వాడిన లవణాలు నీటికి కొట్టుకొనిపోయేవి. ఆర్సెనిక్, రాగి మూలకాల రసాయన సంకేతాలనుండి దానికి ‘ఆస్కు’ అన్న పేరు వచ్చింది. రైలుపట్టాల కింది చెక్కలనుంచి అమెరికాలోని టెలిఫోను స్తంభాలవరకూ అది ప్రపంచమంతా వ్యాపించింది. ఎన్ని అడవులు గొడ్డలివేటు తప్పించుకొన్నాయో లెక్కకట్టడం కష్టం.

కాని కాలం గడిచేకొద్దీ ప్రశ్నలు పుట్టాయి. ఆ కలపనుంచి స్వల్పంగానైనా ఆర్సెనిక్ మట్టిలోకి దిగుతున్నదనీ, పిల్లల చేతులకు అంటుతున్నదనీ తేలింది. 2003 చివరినుంచి అమెరికాలో ఇళ్ళకూ, పిల్లలు ఆడుకొనే నిర్మాణాలకూ అటువంటి కలపను సిద్ధం చేయడం ఆగిపోయింది. అటువంటి చెక్కను పొయ్యిలో పెట్టడం మరీ ప్రమాదం. బూడిదలో విషం మిగులుతుంది. పైగా అది కుంచెతో పూసే మందు కాదు. మూసిన ఉక్కు తొట్టెలో ఒత్తిడితో కొయ్యలోకి ఎక్కించవలసినది.

“కామేశంగారు మహానుభావుడు. స్తంభానికి ఆ మందు మంచిదే” అన్నారు పెద్దాయన. “కాని స్తంభాన్ని ఎవరూ కౌగిలించుకోరు. మా మనవడు ఈ గోడకు చెంప ఆనించి దాగుడుమూతలు ఆడతాడు.”

పని ఫిబ్రవరిలో మొదలయింది. ఆ ప్రాంతంలో కొయ్యకు రంగువేయడానికి అదే అదను. అక్టోబరునుంచి డిసెంబరువరకూ వానలు; ఏప్రిల్ వచ్చిందంటే ఎండకు రంగు పట్టకముందే పైపొర ఎండిపోతుంది. ముందుగా మంచినీటితో కడిగి ఉప్పు వదిలించారు. తర్వాత పాత రంగు తీయాలి. ఇక్కడ ఆయన తొందరపడలేదు. మన దేశంలో ఇళ్ళ రంగులలో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నిబంధన 2017 నవంబరునుంచి మాత్రమే అమలులోకి వచ్చింది. అంతకు పూర్వపు పొరలలో సీసం ఎంత ఉంటుందో చెప్పలేము. పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరిలోకి పోతుంది. కనుక తడిపి, గరుకు కాగితంతో రుద్ది, రాలిన పెచ్చులన్నీ గుడ్డమీద పట్టి మూటకట్టారు.

అలా రుద్దుతుండగా తలుపు పక్కన ఒకచోట ఆయన చెయ్యి ఆగిపోయింది. పచ్చరంగు కింద నీలం. నీలం కింద గంధంరంగు. దానికింద ఇటుకరంగు, మళ్ళీ పచ్చ. అన్నీ ఆమె ఎంచిన రంగులే. చెట్టును కోస్తే వలయాలు కనిపించినట్లు ఆమె సంవత్సరాలు వరుసగా కనిపించాయి. వాటి మధ్య ఎక్కడా కుళ్ళు లేదు. ఏటేటా గీకించి, ఆరబెట్టి, పలుచగా వేయించిన రంగులవి. పైనున్న దళసరి పొర ఒక్కటే పరాయిది.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత వడ్రంగితో, “కొయ్య తప్పు కాదయ్యా. నాలుగేళ్ళు నేనే ఇటు రాలేదు” అన్నారు.

కింది పలకలు తీసి చేవగల టేకు వేశారు. పుచ్చిన స్తంభపు కాలును ఏటవాలుగా కోసి కొత్తకాలు అతికారు. ఇనుప మేకులు ఉప్పుగాలికి తుప్పుపట్టి కొయ్యను నల్లబరుస్తాయని ఇత్తడి స్క్రూలు బిగించారు. నాలుగు కాళ్ళనూ నేలకు జానెడెత్తున రాతి దిమ్మెల మీద నిలిపి, రాతికీ కొయ్యకూ మధ్య అంచులు వంచిన రేకు పెట్టారు. చెదలు రేకును దాటలేవని కాదు. దాటాలంటే దానిమీద మట్టి సొరంగం బయటికి కట్టుకోవాలి. అది కంటికి కనబడుతుంది. కనబడితే చీపురుతోనే తుడిచివేయవచ్చు.

కొత్త చెక్కకు వెలిగారమూ బోరిక్ ఆమ్లమూ వేడినీటిలో కరిగించి మూడుసార్లు పట్టించారు. అది పురుగుకూ బూజుకూ విరుగుడు. మనిషికి ఆర్సెనిక్ అంత అపాయకరం కాదు. కాని వానకు కరిగిపోతుంది గనుక పైన మరొక రక్షణ కావాలి. కాళ్ళ అడుగులకు వడ్రంగి జీడిపిక్కల తొక్కనుంచి తీసే నల్లని నూనె రాశాడు. పడవలకు పూసే నూనె అదే. చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది కనుక చేతులకు తొడుగులు వేసుకొన్నాడు.

గోడలకు ఎనామిల్ వద్దనుకొన్నారు. బూజును నిరోధించే మందు కలిపిన, కొయ్యలోకి ఇంకే రంగునూనె పలుచగా రెండు పూతలు వేశారు. ఉత్త అవిసెనూనె ఆ తేమగాలిలో బూజుకు మేత అవుతుంది. నూనెకు రంగు ఉండితీరాలి. ఎండనుంచి కొయ్యను కాపాడేది ఆ రంగే. పలకల కోసిన చివరలు స్పంజివలె నీరు పీలుస్తాయి కనుక అక్కడ తాగినంత పట్టించారు. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేయకుండా విడివిడిగా ఆరవేశారు; అవిసెనూనె గుడ్డల కుప్ప తనంతట తానే అంటుకొనే ప్రమాదం ఉన్నది. చివరకు పెంకుల చూరును మరొక జానెడు ముందుకు పొడిగించారు. ఏ రంగూ చేయలేని మేలు ఆ జానెడు చూరు చేస్తుంది.

తలుపు పక్కన, పిల్లవాడి చేతికి అందని ఎత్తున, అరచేతి వెడల్పు మేర పాతరంగుల పొరలను మాత్రం ఆయన అలాగే ఉంచమన్నారు.

మే నెలలో కూతురు వచ్చింది. తోటలోకి వెళ్ళి పలకలను తట్టి చూసింది. ఆ పొరల దగ్గర నిలబడి, “ఈ నీలం నా పదో తరగతి ఏడు వేసింది కదూ నాన్నా?” అన్నది. షెడ్డు మాట మళ్ళీ ఎత్తలేదు. వెళ్ళేముందు వడ్రంగితో, “పెద్దవారు, ఎక్కువ శ్రమ పడనివ్వకండి” అని అప్పగింత పెట్టింది. అతడు నవ్వి, తమిళంలో వయసు మీరినా తొణకని మనిషిని గురించి చెప్పే మాట ఒకటి అన్నాడు. వైరం పాయ్‌న్ద కట్టె. చేవదేరిన కొయ్య.

అక్టోబరులో వానలు మొదలయ్యాయి. గొడుగు వేసుకొని పెద్దాయన తోటలోకి వెళ్ళారు. చూరునుంచి జారే ధార గోడకు దూరంగా నేలమీద పడుతున్నది. గాలికి గోడమీద పడిన చినుకులు గుండ్రని పూసలై జారిపోతున్నాయి. వానలు వెలిసి, నేల ఆరిన తర్వాత, ఆయన మళ్ళీ అదే చాకు తీసుకొని మోకాళ్ళ మీద కూర్చున్నారు. కింది పలకకు మొన ఆనించి నొక్కారు.

మొన ఆగింది.