సద్దిమూట ఏరు దాటగూడదు

విహారయాత్ర అనగానే ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కోటి గుర్తుకొస్తుంది. పిల్లలకు పడవ, మగవాళ్ళకు ఫోటోలు, పెద్దవాళ్ళకు గుడి. మరి ఇల్లాలికో? ఎంతమందికి ఎన్ని కిలోల బియ్యం పోయాలి, ఎన్ని గిన్నెలు సర్దాలి, పెరుగు ఎప్పుడు తోడెయ్యాలి! నవ్వకండి, మీ ఇంట్లోనూ ఇదే వరస అని నాకు తెలుసు. అందుకే ఈసారి వంట సంగతి కాసేపు పక్కన పెట్టి, ఒక దీవిని ఇల్లాలు కూడా తీరిగ్గా చూసి రావాలంటే ముందుగా ఏమేం ఆలోచించుకోవాలో నాలుగు మాటలు చెబుతాను.

మా ఆడపడుచు కూతురు అమెరికాలో ఉంటుంది. ఆ మధ్య ఓడలో కరీబియన్ దీవులకు పోయొచ్చి ఫోన్ చేసింది. "ఓడ పొద్దున దింపుతది అత్తా. చెప్పిన టైముకు తిరిగి ఎక్కకుంటే వదిలేసి పోతది. అందుకే ఏమేం చూడాల్నో ముందే రాసుకుంటం" అంది. "మన నాగార్జునకొండ గూడ అంతే గదనే" అన్నాను. దీవి ఏ సముద్రంలో ఉన్నా, ఏ చెరువులో ఉన్నా సంగతి ఒక్కటే. అక్కడ టైము మన చేతిలో ఉండదు, పడవవాడి చేతిలో ఉంటుంది.

మా నల్గొండ వాళ్ళకు సాగర్ ఇంటి పెరడు లాంటిది. కాని ఆ దీవి మొదటినుంచీ దీవి కాదు, కొండ. దాని చుట్టూ ఉన్న లోయలో పదిహేడు వందల ఏళ్ళ కిందట ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉండేది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు డ్యాముకు పునాదిరాయి వేశారు. లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖవాళ్ళు అక్కడ తవ్వకాలు జరిపారు. ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు బయటపడ్డాయి. దొరికిన శిల్పాలను, శాసనాలను కొండ మీదికి చేర్చి, బౌద్ధ విహారం ఆకారంలో మ్యూజియం కట్టారు. కొన్ని కట్టడాలను ఇటుక మీద ఇటుక పేర్చి కొండ మీద మళ్ళీ నిలబెట్టారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. లోయ నిండింది, కొండ దీవి అయింది.

1993లో, అంటే మా పెళ్ళయిన రెండో ఏడు, మూడు కుటుంబాలు కలిసి వ్యాన్ మాట్లాడుకొని అక్కడికి పోయాము. మొత్తం పదమూడు మందిమి. తెల్లవారుజామున రెండింటికి లేచి పులిహోర, గారెలు, వంకాయ కూర, పెరుగన్నం చేశాము. గిన్నెలు, పళ్ళేలు, నీళ్ళ క్యాన్లు అన్నీ లాంచీలోకి ఎక్కించాము. అవతల దిగాక అంత సామాను మ్యూజియం లోపలికి మోసుకుపోయేది ఎట్లా? "నువ్వు సంచుల కాడ కూర్చో, మేం చూసొచ్చినంక నువ్వు పోదువు" అన్నారు. కూర్చున్నాను. వాళ్ళు వచ్చేసరికి అందరికీ నకనకలాడే ఆకలి. వడ్డించి, పిల్లలకు తినిపించి, గిన్నెలు సర్దేసరికి లాంచీ హారన్ కొట్టింది. నేను చూసిన నాగార్జునకొండ ఒక చెట్టు, ఐదు సంచులు. మా అత్తమ్మ ఆమాత్రం కూడా చూడలేదు. నా ఎనిమిది నెలల బిడ్డను ఒళ్ళో పెట్టుకొని ఇవతలి ఒడ్డునే ఉండిపోయింది.

ఇందులో ఎవరి మీదా కోపం లేదు. ఎవరూ కావాలని చేసిన పని కాదు. ఎవరెవరు ఏం చూడాలని లెక్క వేసుకున్నప్పుడు మా ఇద్దరి కళ్ళు ఆ లెక్కలోకి రాలేదు, అంతే. ఆ తరువాత ఎవరైనా "నాగార్జునకొండ చూసినవా?" అంటే "పోయొచ్చిన" అనేదాన్ని. పోవడం వేరు, చూడడం వేరు. అవునా, కాదా?

2022 చలికాలంలో ఒకరోజు మా అత్తమ్మ, "నా మోకాళ్ళు నడిచినన్ని రోజులల్లనే ఆ కొండ ఒకసారి చూపియ్యరాదు బిడ్డా" అంది. అప్పటికి ఆమెకు డెబ్భై ఆరేళ్ళు. ఆ రాత్రి వంటిల్లు సర్దుకున్నాక నోటుపుస్తకం, పెన్సిలు పట్టుకొని కూర్చున్నాను. ఆ పుస్తకంలో రాసుకున్నవే ఇవి. మీకూ పనికొస్తాయి.

మొదటిది, రోజు. కొండ మీది మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆ రోజు పోతే తాళం చూసి రావాల్సిందే. వానాకాలంలో గేట్లు ఎత్తారనగానే జనమంతా సాగర్‌కే పరుగెత్తుతారు. నీళ్ళు దూకడం చూడడానికి అది మంచి సమయమే గాని, వరద, గాలి ఎక్కువగా ఉంటే లాంచీలు ఆపేస్తారు. ఎండాకాలంలో బండలు కాళ్ళు కాలుస్తాయి. వానలు తగ్గి జలాశయం నిండుగా ఉండే రోజులు, చలి ముదిరిన రోజులు మనకు హాయి. 2014లో రాష్ట్రం రెండయ్యాక కొండ ఆంధ్రప్రదేశ్ వైపు పోయింది గాని, అటు విజయపురి సౌత్ నుంచి, ఇటు మన తెలంగాణ ఒడ్డు నుంచి కూడా పర్యాటక శాఖల లాంచీలు నడుస్తాయి. అయినా రోజూ ఒకే తీరుగా నడుస్తాయని నమ్ముకోకండి. ముందురోజు ఫోన్ చేసి "రేపు లాంచీ ఉందా, మొదటిది ఎన్నింటికి?" అని కనుక్కొని బయలుదేరండి.

రెండోది, ఎన్ని చూడాలి అనేది. సాగర్ పోయినవాళ్ళు కొండ, డ్యాము, ఎత్తిపోతల, అనుపు, బుద్ధవనం అన్నీ ఒక్కరోజులో చుట్టేయాలనుకుంటారు. చివరికి ఏదీ సరిగా చూడక, పిల్లలను గదమాయిస్తూ ఇల్లు చేరతారు. ఒక్కరోజే ఉంటే పొద్దున్నే కొండకు పొండి. లాంచీలో సుమారు ముప్పావుగంట ప్రయాణం. తిరిగొచ్చి భోంచేసి, ఎండ తగ్గాక బుద్ధవనం చూడండి. 2022 మే నెలలో తెరిచిన ఈ తోట 274 ఎకరాలలో ఉంది. జాతక కథల బొమ్మలు ఉంటాయి కాబట్టి పిల్లలకు విసుగు రాదు. చంద్రవంక వాగు దూకే ఎత్తిపోతల, పాత రంగస్థలం ఉన్న అనుపు, ఈ రెండూ అవతలి ఒడ్డునే ఉన్నాయి. రాత్రి ఆగేవాళ్ళు వాటిని రెండో రోజుకు పెట్టుకోండి.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది. సద్దిమూట ఏరు దాటగూడదు! వండింది వ్యాన్‌లోనో, గది తీసుకుంటే గదిలోనో ఉండాలి. దీవికి మనిషికో నీళ్ళ సీసా, పిల్లలకు నాలుగు బిస్కెట్లు, ఎండకు టోపీ లేదా కొంగు. అంతే. "తిండి లేకుండ అక్కడేం జేస్తం?" అని మా మరిది అడిగాడు. "చూస్తం" అంది మా తోటికోడలు. మరి మాట్లాడలేదు.

వంట కూడా తగ్గించుకున్నాము. పులిహోర పులుసు ముందురోజు సాయంత్రమే నూనె తేలేదాకా ఉడికించి పెట్టుకుంటే పొద్దున అన్నంలో కలుపుకోవడమే పని. పెరుగన్నానికి అన్నం మెత్తగా వండి, గోరువెచ్చగా అయ్యాక పాలు ఎక్కువగా పోసి, రెండు గరిటెల పెరుగు మాత్రం వేసి కలపండి. మధ్యాహ్నానికి అదే తోడుకుంటుంది, పులవదు. నాలుగు జొన్నరొట్టెలు, పల్లీల పొడి, మామిడి తొక్కు. గారెలు పెట్టలేదు. ఇంటికొచ్చాక ఆదివారం చేసుకోవచ్చు, గారెలు ఎక్కడికీ పోవు.

నాలుగోది, పెద్దవాళ్ళు, పిల్లలు. లాంచీ దిగాక కొంత ఎక్కుడు, కొంత నడక ఉంటాయి. నీళ్ళు తగ్గినప్పుడు ఎక్కాల్సింది మరింత ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళతో గబగబా నడవాలంటే కుదరదు. మా మనవడికి ఒకరు, అత్తమ్మకు ఒకరు అని వంతులు వేసుకున్నాము, ఆ వంతుల్లో మగవాళ్ళను కూడా చేర్చాము. దిగేటప్పుడే "ఈ లాంచీ మళ్ళీ ఎన్నింటికి కదులుతుంది?" అని అడిగి పెట్టుకోండి. లాంచీ ఎక్కకముందే మరుగుదొడ్డి పని చూసుకోండి. ఇక లైఫ్ జాకెట్ విషయంలో మొగమాటం వద్దు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన పడవను మనం మరిచిపోలేదు కదా. చీర నలుగుతుందని, పిల్ల కొత్త గౌను కనబడదని తీసేయకండి.

ఐదోది, చదువుకొని పోవడం. మా అమ్మాయి, అదే ఆనాడు ఒడ్డున అత్తమ్మ ఒళ్ళో ఉన్న పిల్ల, ఇంటి దగ్గరే పుస్తకం చదివి కొన్ని సంగతులు రాసుకొచ్చింది. మ్యూజియంలో శిల్పాలు, శాసనాలు చూసుకుంటూ నడిచి, బయట స్నానఘట్టం దాకా పోయి నీడకు కూర్చున్నాక, మాకు ఆ కథ చెప్పింది.

ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు. వైదిక మతంవాడు. ఆయన ఇంటి ఆడవాళ్ళేమో బుద్ధుడికి గుడులు కట్టించారు. రాజుగారి సోదరి శాంతిశ్రీ ఇక్కడి మహాచైత్యాన్ని నిలబెట్టింది. 106 అడుగుల వెడల్పు, పునాదిలో బండి చక్రం ఆకుల్లాగా ఇటుక గోడలు. ఆ పని ఆమె మేనల్లుడు వీరపురుషదత్తుడు రాజయ్యాక ఆరో ఏట జరిగిందని స్తంభాల మీద చెక్కించింది. ఆ మేనల్లుడు ఇంకో మేనత్త హమ్మసిరి కూతురు బాపిసిరిని చేసుకున్నాడు. "మేనరికమే!" అని మా తోటికోడలు నవ్వింది.

అత్తమ్మకు బాగా నచ్చింది మాత్రం రాణి కథ కాదు, బోధిశ్రీ కథ. ఆమె రాజుల ఇంటి మనిషి కాదు. ఉపాసిక, అంటే ఇంట్లో ఉంటూ బుద్ధుణ్ణి కొలుచుకునే భక్తురాలు. శ్రీలంక నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఒకచోట చెరువు, ఒకచోట మండపం, ఇంకోచోట భిక్షువులకు గదులు, ఇట్లా తాను ఇచ్చినవన్నీ ఆ శాసనంలో వరుసగా చెప్పుకుంది. ఆ పుణ్యంలో తన మొగుడికి, తల్లిదండ్రులకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు పేరుపేరునా పాలు పెట్టింది.

అత్తమ్మ అంతా విని, "అందరి పేర్లు రాయిచ్చిందా? అయితే ఇల్లు నడిపిన మనిషే" అంది. కాసేపు నీళ్ళ వంక చూసి మళ్ళీ అంది. "అందరితోపాటు ఆమె పేరు గూడ రాసుకుంది గదా. గది మంచి పని చేసింది."

ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుంది. అందరికీ చేసిపెట్టాలనే గుణం మనకు కొత్తగా వచ్చింది కాదు, పోవాల్సిందీ కాదు. అట్లా చేసిపెడుతూనే, "చేసింది నేను, నేనూ ఉన్నాను" అని బోధిశ్రీ రాయి మీద చెక్కించుకుంది. మనం రాయి దాకా పోనక్కర లేదు. యాత్రకు రాసుకునే చీటీలో మన పేరు కూడా ఉంటే చాలు.

ఇది సాగర్‌కు పోయేవాళ్ళకే కాదు. మా పుట్టిల్లు పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని కొల్లాపూర్ వైపు. అక్కడ సోమశిల దగ్గర శ్రీశైలం జలాశయం నీళ్ళల్లో పడవ మీద పోతుంటే రెండు పక్కలా కొండలు, నల్లమల అడవి. అటు అలంపురం పోతే, ఆ జలాశయంలో మునగకుండా కూడవెల్లి నుంచి రాళ్ళు విప్పి తెచ్చి మళ్ళీ కట్టిన సంగమేశ్వరాలయం కనబడుతుంది. అక్కడ కూడా ఎవరో ఒక వదినె, ఎవరో ఒక చిన్నమ్మ చెప్పుల దగ్గర, డబ్బాల దగ్గర కాపలా కూర్చొని కనబడుతూనే ఉంటుంది. అట్లా కనబడితే, "నువ్వు పోయి చూసిరా, పది నిమిషాలు నేనుంటా" అనండి. తెలిసినామె కాకపోయినా సరే.

మేము ఆరోజు ఒడ్డుకు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వ్యాన్ నీడకు చాప పరిచి కూర్చున్నాము. పెరుగన్నం చక్కగా తోడుకుంది. మరిదే అందరికీ వడ్డించాడు. కొంత కింద పోశాడనుకోండి, అది వేరే సంగతి.

మీరు కూడా ఓ సెలవు రోజు చూసుకొని బయలుదేరండి. శుక్రవారం మాత్రం వద్దు. ఎట్లాగూ ఆ రోజు మన ఇళ్ళల్లో దీపాలు, పూజలు ఉంటాయి కాబట్టి పేచీ లేదు.