పళ్లరసం వేషంలో...

కాగితం ముక్క కింద పడేసినా జరిమానా వేసే నగరం సింగపూర్. అక్కడే పల్లీలు ఒలుచుకు తిని, తొక్కల్ని దర్జాగా నేలమీదే పారేసే చోటు ఒకటుంది తెలుసా? 1887లో మొదలైన రాఫెల్స్ హోటల్‌లోని లాంగ్ బార్!

పర్యటకులు అక్కడికి వెళ్లేది మాత్రం ‘సింగపూర్ స్లింగ్’ కోసం. జిన్, చెర్రీ లిక్కర్, అనాసరసం, నిమ్మరసం... ఇలా కొన్నింటిని కలిపి గిలకొట్టే కాక్‌టెయిల్ ఇది. 1915లో న్యామ్ టాంగ్ బూన్ అనే బార్‌టెండర్ దీన్ని తయారుచేశాడని హోటల్‌వాళ్లు చెబుతారు. ఆ రోజుల్లో మగవాళ్లు ఎంత తాగినా అడిగేవాళ్లు లేరు. ఆడవాళ్లు నలుగురిలో మద్యం ముట్టుకుంటే మాత్రం తప్పే. టీతోనో పళ్లరసంతోనో సరిపెట్టుకోవాలి. అందుకే అచ్చం పళ్లరసంలా కనిపించే ఈ గులాబీరంగు పానీయాన్ని వాళ్లకోసం సృష్టించాడట. చూసేవాళ్లకి షర్బత్... తాగేవాళ్లకి సరదా!

ఇప్పుడా వేషం అవసరం లేదు. ఎవరికి కావలసింది వాళ్లు ధైర్యంగా అడిగి తెప్పించుకుంటున్నారు. జేబే కాస్త చూసుకోవాలి. ఇక్కడ ఒక్క గ్లాసుకయ్యే ఖర్చుతో హాకర్ సెంటర్లో నలుగురు కడుపునిండా తినొచ్చు. యునెస్కో 2020లో వారసత్వ జాబితాలో చేర్చిన తిండి సంస్కృతి వాళ్లది. సాయంత్రం లావ్ పా సాట్ పక్కవీధిలో బొగ్గులమీద కాలే సాటే పుల్లల వాసన వస్తుంటే, ఆకలి ఆగదు. అక్కడ ఎవరు ఏం తాగుతున్నారో చూసే తీరికా ఎవరికీ ఉండదు!