జడేజా పంచాయితీ

ఐపీఎల్‌లో జడేజాను, సామ్ కరన్‌ను రాజస్థాన్‌కిచ్చి చెన్నై సంజూ శాంసన్‌ను తెచ్చుకున్నది 2025 నవంబరులో. జగ్దల్‌పూర్ తెలుగోళ్లలో ఆ పంచాయితీ ఇంకా తెగలేదు. నా మటుకు నాకు, 18 కోట్ల ఆటగాణ్ణి 14 కోట్లకు దించి పంపడం అన్యాయమే. షమీని సన్‌రైజర్స్ లక్నోకి వదిలేయడం మాత్రం నచ్చింది. ఈ మాటంటే మా బావ మొహం తిప్పుకుంటాడు. 2025లో తొమ్మిది మ్యాచులాడి ఆరు వికెట్లు తీస్తే ఇంకేం దాచుకుంటారు బావా?

అన్నట్టు, బస్తర్ ఒలింపిక్స్ 2024లో మొదలైంది మన దగ్గరే. ఏడు జిల్లాల పిల్లలు, లొంగిపోయిన మావోయిస్టులు కూడా ఆడారు. ఆ కబడ్డీ, ఖోఖో జట్ల ఎంపిక మీద మనలో ఒక్కడూ గొంతు చించుకోలేదు! ఈసారి విలువిద్య పోటీలకు వెళ్దామనుకుంటున్నా. వచ్చేవాళ్లెవరో ముందే చెప్పండి, బండి మాట్లాడతా.