బందర్, బందారి

మచిలీపట్నాన్ని మనం బందరు అంటాం గానీ, అది రేవు అనే అర్థమున్న ఫార్సీ మాటని తలుచుకునేవాళ్ళు తక్కువ. నైరోబీలో ఉంటున్న మా ఆపాతో కలిసి కెన్యా తీరంలోని లామూ దీవికి వెళ్తే, అక్కడి స్వాహిలీలో రేవుని 'బందారి' అంటున్నారు. జహాజ్ 'జహాజీ'. నాఖుదా 'నహోద'. ఖబర్ 'హబారి', వఖ్త్ 'వకాతి', కలమ్ 'కలాము'. భాష రాకుండానే నాకు సగం అర్థమైపోయింది!

ఈ మాటల్ని మోసుకొచ్చింది గాలి. డిసెంబరు నుంచి మార్చి దాకా ఈశాన్యం నుంచి వీచే 'కస్‌కాజీ' మీద అరబ్, ఇరాన్, కచ్ తీరాల జహాజులు దిగేవి. ఏప్రిల్ దాటి దక్షిణపు గాలి 'కూసి' లేచాక మడకర్రలు, ఏనుగు దంతాలు నింపుకుని తిరుగుముఖం పట్టేవి. గాలి మారేదాకా ఎంత పెద్ద తాజిర్ అయినా సబ్ర్ చేయాల్సిందే. ఆ నెలల్లోనే నికాహ్‌లు జరిగి ఇక్కడే ఉండిపోయినవాళ్ళున్నారు. మన మౌసమ్ వాళ్ళకీ 'ముసిము'.

విమానం ఎదురుగా ఉన్న మండా దీవిలో దిగుతుంది. అక్కణ్ణుంచి పడవే. 1821 నాటికి పూర్తయిన ఖిలా, పగడపు రాయితో కట్టిన ఇళ్ళు, నగిషీ తలుపులు, గుమ్మాల పక్కన అరుగులు. బరువుతో గాడిద వస్తే గోడకి అతుక్కుని దారివ్వాలి. "ఖాలా, ఇక్కడ కార్లు లేవా?" అని ఆపా కొడుకు పదిసార్లు అడిగాడు. రబీవుల్ అవ్వల్‌లో రియాదా మసీదు దగ్గర మౌలూద్ జరుగుతుంది. తెరచాప పడవల పందేలు, గాడిదల పందేలు కూడా ఉంటాయట. వాడు అప్పుడు మళ్ళీ రావాలంటున్నాడు.

నన్ను ఆపేసింది మాత్రం మ్యూజియంలోని 'మ్తేపే' నమూనా. ఒక్క ఇనుప మేకు లేదు. పలకల్ని కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టేశారు. మన తీరంలో అలలు దాటించిన మసూలా పడవలూ అలా కుట్టినవే కదా!

ఇప్పుడా హునర్‌కి గిరాకీ లేదు. 1982లో మడకర్రల ఎగుమతిపై నిషేధం వచ్చాక పెద్ద జహాజులకి పని పోయింది. తర్వాత ఎదుటి ఒడ్డున భారీ పోర్టు వచ్చింది. మొదటి బెర్త్ 2021లో తెరిచారు. దానివల్ల జీవనోపాధి దెబ్బతిన్న సుమారు 4,600 మంది మత్స్యకారులకి 176 కోట్ల కెన్యా షిల్లింగుల పరిహారం ఇవ్వాలని 2018లో హైకోర్టు తీర్పిచ్చింది. వాళ్ళ సంప్రదాయ వేట కూడా హక్కేనని చెప్పింది. మంచి ఫైసలా. కానీ ఏ పాయలో ఎంత లోతుందో తాతల దగ్గర నేర్చుకున్న ఇల్మ్‌కి ఖీమత్ ఎవరు కడతారు?

మన బందర్‌లోనూ 2023లో కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి. రావాలి, రోజ్‌గార్ కావాలి. ఈద్‌కి ఊరెళ్ళినప్పుడు ఇన్షా అల్లాహ్ గిలకలదిండి సరంగుల దగ్గర కూర్చుని, గాలుల పేర్లన్నీ రాసుకుంటాను. సరంగు కూడా ఫార్సీ సర్‌హంగే, తెలుసా?