పదకొండు పాయింట్ల దగ్గర ఒక్క నిమిషం

అమలాపురం నుంచి ముక్తేశ్వరం వైపు వెళ్లే దారిలో అయినవిల్లి ఉంది. అక్కడి సిద్ధి వినాయకుడికి కోనసీమలో మొక్కు బాకీ లేని ఇల్లు తక్కువ. పరీక్షల రోజులొస్తే మాత్రం ఆయన పూర్తిగా విద్యార్థుల పక్షం. లక్ష పెన్నులు స్వామి ముందు పెట్టి పూజ చేసి, పిల్లలకు పంచిపెట్టడం ఆ గుడి ఆనవాయితీ. పదో తరగతి వాళ్లకూ ఇంటర్ వాళ్లకూ ఆ పెన్ను చక్కగా పనికొస్తుంది. చిక్కల్లా నీట్ రాసేవాళ్లకే. ఆ పరీక్షకు బయటి పెన్ను లోపలికి రానివ్వరు, హాల్లో ఇచ్చిన బాల్ పెన్నుతోనే బబుల్స్ దిద్దాలి. స్వామివారి పెన్ను గేటు దగ్గరే ఆగిపోతుంది.

అడ్మిట్ కార్డూ, గుర్తింపు కార్డూ పట్టుకుని లోపలికి వెళ్లిన పిల్లకి ఇక తోడెవరూ ఉండరు. అక్కడి నుంచి మూడు గంటలు ఆమె, ఆ పేపరు.

2025 మే 4న జరిగిన నీట్‌లో ఫిజిక్స్ చూసి దేశమంతటా పిల్లలు బెదిరిపోయారు. అంతకు ముందు ఏడాది తుది జాబితాలో 17 మందికి 720కి 720 వచ్చాయి. ఆ అంకెలు కంఠతా పెట్టుకుని కూర్చున్నవాళ్ల ముందు, ఎన్నిసార్లు చదివినా తలా తోకా దొరకని లెక్కలు వచ్చి పడ్డాయి. పైగా కోవిడ్ కాలంలో ఇచ్చిన ఛాయిస్ ప్రశ్నలూ, అదనపు సమయమూ ఆ ఏడాదే తీసేశారు. 180 ప్రశ్నలకు 180 నిమిషాలు. తీరా ఫలితాలు వచ్చాక చూస్తే దేశంలో మొదటి ర్యాంకుకు వచ్చిన మార్కులు 686. అంటే అందరికన్నా బాగా రాసినవాళ్లు కూడా 34 మార్కులు వదిలేసుకున్నారన్నమాట. హాల్లో కూర్చున్న పిల్లకి ఈ సంగతి తెలిసే దారి లేదు. పక్క బల్లవాడి పెన్ను చకచకా కదులుతూ కనిపిస్తుంది. వాడు రాస్తున్నది తప్పో ఒప్పో మాత్రం కనిపించదు.

అప్పుడే గుండె దడ మొదలవుతుంది, అరచేతులు చెమర్చుతాయి. ఇంటి దగ్గర పెద్దవాళ్లు చెప్పి పంపింది ఒక్కటే మాట: "కంగారు పడకమ్మా." ఆ మాట ఎంత ప్రేమగా చెప్పినా పరీక్ష హాల్లో దానివల్ల మేలు తక్కువే. కంగారు పడుతున్నానా లేదా అని చూసుకోవడం ఆ పిల్లకి మరో పని అయి కూర్చుంటుంది. అమెరికాలో జీఆర్ఈకి సిద్ధమవుతున్న విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. గుండె దడ వల్ల మార్కులు తగ్గవు, పెరిగినా పెరగొచ్చు అని కొందరికి ముందే చెప్పారు, మిగతావాళ్లకు చెప్పలేదు. ఆ మాట విన్నవాళ్లకు లెక్కల్లో మార్కులు ఎక్కువ వచ్చాయని 2010లో ప్రకటించారు. దడ ఇద్దరికీ ఉంది. ఒకరు దాన్ని జబ్బు అనుకోలేదు, అంతే.

ఇక్కడ అమలాపురం కుర్రాడి సంగతి చెప్పుకోవాలి. రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ 2000లో ఈ ఊళ్లోనే పుట్టాడు. తండ్రి కాశీ విశ్వనాథం వ్యాయామ ఉపాధ్యాయుడు. 2014లో హైదరాబాద్‌లో గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీకి వెళ్లాడు, ఆ తర్వాత ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టి జోడీగా కుదిరాడు. అతని స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్‌కెక్కిందని కోనసీమలో చాలామందికి తెలుసు. పరీక్ష రాసేవాళ్లకు ఆ స్మాష్‌తో పనిలేదు. 2022 మే 15న బ్యాంకాక్‌లో జరిగిన థామస్ కప్ ఫైనల్‌తో పని ఉంది. ఇండోనేషియా జోడీ అహ్సాన్, సుకముల్జో చేతిలో మొదటి గేమ్ 18-21తో పోయింది. రెండో గేములో ఎదుటివాళ్లకు నాలుగుసార్లు మ్యాచ్ పాయింట్ వచ్చింది, అంటే నాలుగుసార్లు ఒక్క పాయింటుతో అంతా అయిపోయేదే. నాలుగూ కాచుకుని 23-21తో ఆ గేమ్, 21-19తో మ్యాచ్ గెలిచారు. ఆ రోజే భారత్ తొలిసారి థామస్ కప్ ఎత్తింది.

దీన్ని గుండె నిబ్బరం అనేసి ఊరుకోవచ్చు. కానీ ఆ ఆటలో నిబ్బరానికి ఏర్పాటు కూడా ఉంది. గేములో ఎవరైనా పదకొండు పాయింట్లకు చేరగానే అరవై సెకన్ల విరామం. గేముకీ గేముకీ మధ్య రెండు నిమిషాలు. కొత్త గేమ్ మళ్లీ సున్నా నుంచే మొదలవుతుంది. ఓడుతున్నవాడికి చెమట తుడుచుకోవడానికీ, కోచ్ మాట వినడానికీ నిబంధనల్లోనే చోటు పెట్టారు.

ఈఏపీసెట్ రాసేవాళ్లకు అలాంటి దయ ఎవరూ చూపించరు. ఇంజనీరింగ్ పేపర్లో మాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, మొత్తం 160 ప్రశ్నలు. మూడు గంటలూ ఏకబిగిన సాగాల్సిందే. అందుకని విరామం ఎవరికి వాళ్లే పెట్టుకోవాలి. లెక్క వేస్తే ఒక్కో ప్రశ్నకు వచ్చేది 67 సెకన్లు. ఎనభై ప్రశ్నల మాథ్స్ అయిపోగానే మౌస్ వదిలేసి, కళ్లు మూసుకుని, నెమ్మదిగా నాలుగైదుసార్లు ఊపిరి వదిలితే పోయే సమయం ఒక ప్రశ్న ఖరీదు కూడా కాదు. మంచినీళ్లు ఉంటే ఒక గుక్క. ఆ తర్వాత మొదట పట్టుకోవాల్సింది తప్పకుండా వచ్చిన ప్రశ్నే. ఇదేమీ పరీక్ష రోజు కొత్తగా మొదలుపెట్టే పని కాదు. ఇంటి దగ్గర మాక్ టెస్టు రాస్తున్నప్పటి నుంచే ఆగడం అలవాటు చేసుకోవాలి. లేకపోతే అసలు రోజున ఆ నిమిషం ఆగాలంటే భయమేస్తుంది.

ఆగనివాళ్లు ఏం చేస్తారో సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర నిలబడి చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మొదటి పందెంలో వెయ్యి పోయినవాడు ఇంటికి వెళ్లడు, దాన్ని రాబట్టాలని రెండో పందెంలో రెండు వేలు కాస్తాడు. పరీక్షలోనూ అదే పంతం. రాని లెక్క మీద అయిదు నిమిషాలు పోయాయి కాబట్టి ఇంకో అయిదు పెట్టి అయినా దాన్ని తేల్చాలనిపిస్తుంది. ఈలోగా కెమిస్ట్రీలో చూడగానే వచ్చేసే ప్రశ్నలు పదింటి దాకా ఎదురుచూస్తూ ఉంటాయి. వాటికీ దీనికీ మార్కు ఒక్కటే.

ఏ పరీక్షలో తప్పు ఖరీదు ఎంతో ముందే తెలిసి ఉండటం కూడా కంగారును చాలావరకు తగ్గిస్తుంది. ఈఏపీసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు, ఖాళీగా వదిలేయడం వట్టి అమాయకత్వం. నీట్‌లో ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. నాలుగు ఆప్షన్లలో ఒక్కటి తప్పని తెలిసినా ధైర్యం చేయొచ్చు. సివిల్స్ ప్రిలిమ్స్‌లో తప్పుకు మూడో వంతు కోత. అక్కడ గుడ్డిగా పెడితే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు. మొత్తం మీద ఒక తప్పుతో జీవితం పోదు, కొన్ని మార్కులు పోతాయి. ఆ పోయిన మార్కును తలుచుకుంటూ చదివిన తర్వాతి మూడు ప్రశ్నల్లో పోయేవే అసలు నష్టం.

మొదట తోచిన జవాబు మార్చకూడదని ట్యూషన్ మాస్టార్ల దగ్గర ఒక పాత సలహా ఉంది. దాన్ని గుడ్డిగా నమ్మనక్కర్లేదు. 2005లో క్రూగర్ తదితరులు ప్రకటించిన అధ్యయనంలో ఇలినాయ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు పరీక్షలో చెరిపి దిద్దిన గుర్తులన్నీ లెక్కపెట్టారు. మార్చిన జవాబుల్లో 51 శాతం తప్పు నుంచి ఒప్పుకు వచ్చాయి, ఒప్పు నుంచి తప్పుకు పోయినవి 25 శాతమే. కాకపోతే మార్చి చెడగొట్టుకున్నది బాగా గుర్తుంటుంది, మార్చి బాగుచేసుకున్నది మర్చిపోతాం. అందుకే ఆ సలహాకు అంత ఆయుష్షు. కారణం కనిపించి మార్చడం వేరు, భయపడి మార్చడం వేరన్నది ఎవరికి వారే తేల్చుకోవాలి. పైగా మన దగ్గర జవాబు మార్చుకోవడమన్నది కంప్యూటర్ మీద రాసే పరీక్షల మాట. నీట్ ఓఎంఆర్ మీద ఒకసారి దిద్దితే దిద్దినట్టే.

ఒకే పూటలో ముగిసే పరీక్ష ఒక తీరు, రోజుల తరబడి సాగే పరీక్ష మరో తీరు. సివిల్స్ మెయిన్స్‌లో తొమ్మిది పేపర్లు. ఉదయం జీఎస్ పేపరు పాడైతే మధ్యాహ్నమే ఇంకొకటి రాయాలి. ఆ మధ్యలో చెట్టు కింద చేరి జవాబులు సరిచూసుకునే గుంపుకు ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. జగిత్యాల జిల్లా మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్ 2017 సివిల్స్‌లో దేశంలోనే మొదటి ర్యాంకు తెచ్చుకున్నారు. అది అయిదో ప్రయత్నం. 2013లో 790వ ర్యాంకు వచ్చి ఐఆర్ఎస్‌లో చేరారు, ఆ తర్వాతా ఓటములు చూశారు. మొదటి ర్యాంకు తెచ్చిన ఏడాది ఆయన మార్కులు 2025కి 1126. దేశం మొత్తం మీద అందరికన్నా ముందున్నవారికి దక్కింది నూటికి యాభై ఆరు కూడా కాదు. పేపరు మధ్యలో రెండు ప్రశ్నలు పోయాయని కుంగిపోయేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

ఇంట్లోవాళ్ల సంగతీ చెప్పుకోవాలి. గేటు బయటికి రాగానే "ఎలా రాశావు, ఎన్నొస్తాయి?" అని అడగకుండా ఉండటం కోనసీమలో, ఆ మాటకొస్తే ఎక్కడైనా, కన్నవాళ్లకు కష్టమే. కనీసం ఆ పూట భోజనం అయ్యేదాకా ఆగొచ్చు. ర్యాంకు రాకపోతే వెంటనే లాంగ్ టర్మ్ అంటూ విజయవాడ ఫీజుల లెక్కల్లో పడిపోయే ముందు పాత పేపరు ఒకసారి ముందేసుకుని కూర్చోవాలి. రాకపోవడం వల్ల పోయిన ప్రశ్నలెన్ని, వచ్చి ఉండీ తొందరలో పోయినవెన్ని అని రెండు కుప్పలు చేస్తే, కోచింగ్ దేనికి కావాలో అప్పుడు తెలుస్తుంది. చాలా ఇళ్లలో ఈ పని జరగదు.

సాత్విక్, చిరాగ్‌ల ఓటములు చెబితే అమలాపురంలో కూడా కొందరు నమ్మరు. టోక్యో ఒలింపిక్స్‌లో గ్రూపు మ్యాచుల్లో మూడింటికి రెండు గెలిచారు, అయినా గేముల తేడాతో బయటికొచ్చేశారు. వాళ్లు మొదటి మ్యాచ్‌లో మూడో గేమ్ 27-25 దాకా లాగి ఓడించిన తైవాన్ జోడీయే చివరికి స్వర్ణం పట్టుకెళ్లింది. మలేషియా జోడీ ఆరన్ చియా, సో వూయ్ యిక్‌లతో ఎనిమిదిసార్లు ఆడి ఎనిమిదిసార్లూ ఓడారు. తొమ్మిదోసారి, 2023 జూన్‌లో, ఇండోనేషియా ఓపెన్ ఫైనల్లో గెలిచారు. ఏడాది తిరిగాక పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో అదే జోడీ చేతిలో మొదటి గేమ్ గెలిచి కూడా మ్యాచ్ పోగొట్టుకున్నారు. 2025 ఫిబ్రవరిలో సాత్విక్ తండ్రి కాశీ విశ్వనాథం గుండెపోటుతో కన్నుమూశారు. ఆ ఆగస్టులో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. మళ్లీ పారిస్, మళ్లీ అదే స్టేడియం, మళ్లీ క్వార్టర్ ఫైనల్, ఎదురుగా మళ్లీ చియా, సో. ఈసారి 21-12, 21-19తో గెలిచారు. సెమీస్‌లో చైనా జోడీకి మూడు గేముల్లో ఓడి కాంస్యం తెచ్చుకున్నారు. సెప్టెంబరులో హాంకాంగ్ ఓపెన్ ఫైనల్‌కీ, ఆ మరుసటి వారమే చైనా మాస్టర్స్ ఫైనల్‌కీ చేరారు. రెండూ ఓడిపోయారు.