ఆటోనగర్‌లో ఇనుము ఏరే అయస్కాంతం

విజయవాడ ఆటోనగర్‌లో లారీల బాడీలు కట్టే షెడ్లు దాటి లోపలికి వెళితే పాత ఇనుము కొట్లు వస్తాయి. జుహ్ర్ నమాజు ముగించుకుని మేము అటు నడిచాము. అరిగిన బ్రేకు డ్రమ్ములు, విరిగిన కమాను పట్టీలు, లేతు మీద నుండి రాలిన ఇనుప రజను, వాటి నడుమ రాగి, ఇత్తడి, అల్యూమినియం ముక్కలు గుట్టలుగా పడి ఉన్నాయి. వాటిని చేత్తో ఏరేవారి అరచేతులు చూస్తే ఆ పని ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు. తుప్పుపట్టిన మేకు దిగితే ధనుర్వాతం సూదిమందుతోపాటు ఆ పూట కూలి కూడా పోతుంది.

ఒక షెడ్డులో మాత్రం ఒక చాచా గొలుసుకు వేలాడుతున్న ఇనుప దిమ్మతో పని చేస్తున్నారు. అది పాడైపోయిన మైక్రోవేవ్ ఓవెన్‌లోని ట్రాన్స్‌ఫార్మర్. వెల్డింగు అతుకు కోసి, ఒక వైపు పట్టీని, సన్నతీగ చుట్టను తొలగించి, లావుతీగ చుట్టను ఉంచారు. 12 వోల్టుల బ్యాటరీ తగిలించి మీట నొక్కగానే మేకులు, రజను వచ్చి అంటుకున్నాయి. రాగి, ఇత్తడి, అల్యూమినియం ఉన్నచోటే ఉండిపోయాయి. మీట తీయగానే ఇనుము డబ్బాలోకి రాలింది. 1825లో ఇంగ్లండులో విలియం స్టర్జన్ చేసిన విద్యుదయస్కాంతమూ ఈ సూత్రం మీదే పనిచేసింది. చెప్పులు కుట్టేవారి ఇంట పుట్టిన మనిషి ఆయన.

నున్నని మందపాటి పలకను పట్టినంత గట్టిగా ఈ దిమ్మ తుక్కును పట్టలేదు. ముక్కల నడుమ గాలి సందులే అందుకు కారణం. తీగ వేడెక్కేకొద్దీ పట్టు కూడా తగ్గుతుంది.

“తీగ ఊడితే బరువంతా కిందికే వస్తుంది భాయీ. అందుకే మోకాలి ఎత్తు దాటనివ్వను” అన్నారు చాచా. పెద్ద కర్మాగారాల క్రేన్లకు కరెంటు పోయినా ఆదుకునే బ్యాటరీలు ఉంటాయి. ఇక్కడ ఉన్న రక్షణ ఆ మోకాలి ఎత్తు నియమమే.

ఆయన మరీ మరీ చెప్పిన మాట మరొకటి ఉంది. ఓవెన్ ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్‌లో దాదాపు 2000 వోల్టులు నిలిచి ఉండవచ్చు. అది ప్రాణం తీయగలదు. ఫోనులో వీడియోలు చూసి పాత ఓవెన్లు విప్పబోయే అబ్బాయిలు ఉన్న ఇళ్ళలో ఈ సంగతి తప్పక చెప్పాలి.

దివ్యఖుర్ఆన్‌లో ఇనుము పేరిట ‘అల్ హదీద్’ సూరా ఉంది. అందులో ఇనుము ప్రస్తావన వచ్చే ఆయతులోనే త్రాసు ప్రస్తావన కూడా ఉంది. మేము ఇంకా అక్కడ ఉండగానే తుక్కు ఏరుకుని బతికే ఒక ఖాలా గోనెసంచి తెచ్చారు. కలగాపులగంగా తూస్తే అందులోని రాగికి కూడా ఇనుము ధరే దక్కేది. చాచా సంచిని ఆమె ఎదుటే కుమ్మరించి, దాని మీద అయస్కాంతం తిప్పి, మిగిలిన రాగితీగను, ఇత్తడి కుళాయిని వేరుగా త్రాసులో పెట్టారు.