ఎర్రర్‌లో ఏ లైన్లు దాచాలి?

కోడింగ్ నేర్చుకునే మన హాస్టల్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళ కోసం ఈ పోస్ట్.

ఆదివారాలు మా ఊరి పిల్లలకి పైథాన్ చెప్తుంటాను. ప్రాక్టీస్ అంతా ఫోన్‌లో టెర్మక్స్ మీదే. వాళ్ళ కోడ్‌ని చెక్ చేసే ఫంక్షన్లు నేను రాసినవి, ఒకటి ఇంకోదాన్ని పిలుస్తుంది. టెస్ట్ ఫెయిలైతే స్క్రీన్ నిండా నా లైన్లే. వాళ్ళది ఒక్కటి ఎక్కడో ఉంటుంది. ఇంటర్ చదివే చెల్లి ఒకామె "అన్నా, ఇది మనవల్ల కాదులే" అనేసింది.

పైటెస్ట్‌లో దీనికి దారి ఉంది. చెక్ చేసే ఫంక్షన్ లోపల ట్రేస్‌బ్యాక్‌హైడ్ అనే వేరియబుల్‌కి (ముందు రెండు, వెనక రెండు అండర్‌స్కోర్లు) ట్రూ ఇస్తే ఆ ఫ్రేమ్ కనపడదు. దాన్ని పిలిచిన లైన్ మాత్రం కనిపిస్తుంది.

కానీ గుడ్డిగా ట్రూ పెట్టడం నాకు నచ్చలేదు. బగ్ నా ఫంక్షన్‌లోనే ఉంటే? అప్పుడూ పిల్లకి కనిపించేది తన లైనే, తప్పు తనదే అనుకుంటుంది. మనవాళ్ళకి ఆ అలవాటు ముందే ఎక్కువ. అందుకే ట్రూ బదులు ఒక ఫంక్షన్ ఇచ్చాను: అసర్షన్ ఎర్రర్ అయితేనే దాచు, టైప్ ఎర్రర్ లాంటిది ఇంకేదొచ్చినా మొత్తం చూపించు. అది కూడా పైటెస్ట్ ఒప్పుకుంటుంది. అన్నీ చూడాలంటే ఫుల్‌-ట్రేస్ ఆప్షన్ ఎలాగూ ఉంది, అది పిల్లలకి మొదటి రోజే చెప్పేశాను.